ప్రతి ఆపదకును ఒక దోషి కావలెనా?

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున, లాంకషైరు మండలములో, బార్లీ అను చిన్న గ్రామము కలదు. దాని వెనుక పెండిల్ కొండ నిలిచియున్నది. దాని ఎత్తు 557 మీటర్లు మాత్రమే; అయినను చుట్టునున్న నేలకంతకును అదియే పెద్దదిక్కువలె కనబడును. ఆ ప్రాంతపు ఎత్తైన బీడు మెట్టలను అక్కడివారు మూర్లు అందురు. వాటిమీద చెట్లు అరుదు. ముతక గడ్డి, తడిసిన నల్లనేల, సున్నము లేక రాతిమీద రాయి పేర్చి కట్టిన గోడలు, వాటి చాటున గొఱ్ఱెలు, ఎడతెగక వీచు గాలి: ఇవియే అచ్చటి ఐశ్వర్యము.

బార్లీ నుండి బయలుదేరి మరల బార్లీకే చేరు ఒక కాలిబాట కలదు. అది మొదట రెండు జలాశయముల ప్రక్కగా పోవును. వాటి పేరు బ్లాక్ మాస్. ఆ ప్రాంతపు పలుకుబడిలో మాస్ అనగా బాడవ నేల. కనుక వాటిని నల్లబాడవ చెరువులు అనవచ్చును. క్రింద పల్లములో నున్న నెల్సన్ పట్టణము నూలుమిల్లులతో పెరుగుచున్న దినములలో, ఆ పట్టణవాసుల దాహము తీర్చుటకు ఈ కొండవాగులకు కట్టలు వేసిరి. మిల్లుల సందడి నేడు అణగిపోయినది. నీరు మాత్రము నిమ్మళముగా నిలిచి, కొండనీడను మోయుచున్నది. జలాశయములు దాటిన తరువాత బాట ఐట్కెన్ వుడ్ అను తోపులోనికి ఎక్కును. ఆ తోపులో శిల్పములున్నవి. వాటికి గదులు లేవు, కాపలాదారులు లేరు. వానయు మంచును వాటిమీద పడుచునే యుండును. వాటిని చూచి, బాటసారి దిగి వచ్చి, తాను విడిచిన గ్రామమునే చేరును. తీరికగా నడచినను సగము దినములో ముగియు నడక ఇది.

ఈ శిల్పముల బాటను 2012 లో తెరచిరి. ఆ సంవత్సరమును ఊరక ఎన్నుకొనలేదు. దానికి సరిగా నాలుగువందల ఏండ్లకు పూర్వము, 1612 ఆగస్టు 20వ తేదీన, లాంకస్టరు పట్టణములో పదిమందిని మంత్రగత్తెలనియు మంత్రగాండ్రనియు ఉరితీసిరి. వారిలో పెక్కుమంది ఈ కొండ చుట్టుప్రక్కల వారే. కనుక ఈ నడక కంటికి ఎంత విశ్రాంతి నిచ్చునో, మనస్సాక్షికి అంత విశ్రాంతి నీయదు. ఆ నిమ్మళమైన నీటి ఒడ్డున ఒక ప్రశ్న కాచుకొని యున్నది. మనుష్యుని మీదికి కష్టము వచ్చినప్పుడు, ఆ కష్టమునకు ఒక దోషి ఉండియే తీరవలెనా?

ఆ కథ మొదలైన తీరు మిక్కిలి చిన్నది. 1612 మార్చి 18వ తేదీన అలిజన్ డివైస్ అను పేదపిల్ల దారిలో జాన్ లా అను వర్తకుని కలిసికొనెను. అతడు మూట వీపున వేసికొని ఊరూర చిల్లర సరకులు అమ్ముకొనువాడు. ఆమె గుండుసూదులు అడిగెను. కొనదలచి అడిగెనో, ఊరకే ఇమ్మని యాచించెనో, సాక్ష్యములు ఏకీభవింపవు. అతడు మూట విప్పుటకు ఇష్టపడలేదు. ఆమె కోపగించెను. కొద్దిసేపటికే అతడు కూలిపోయెను. మాట తడబడెను, ముఖము వంకరపోయెను, కాళ్లుచేతులు చచ్చుబడెను, ఎడమవైపు మరింతగా. నేటి వైద్యుడెవడైనను ఆ వర్ణన విన్న వెంటనే పక్షవాతమని చెప్పును. ఆనాటి వారికి ఆ సంగతి తెలియదు. తెలియనప్పుడు తెలియదనుట ఒక మార్గము. వారు వేరొక మార్గమును పట్టిరి.

ఇచ్చట ఆశ్చర్యము కలిగించు విషయము ఒకటి కలదు. అలిజన్ తానే దోషినని నమ్మెను. ఆమె అవ్వ ఎలిజబెత్ సదర్న్స్‌ను జనులు డెమ్డైక్ అని పిలిచెడివారు. ఆమె చూపు మందగించిన వృద్ధురాలు. మంత్రశక్తి గలదని ఆ కొండవాసులలో పేరుపడినది. అట్టి ఇంట పెరిగిన పిల్ల, తన కోపమే ఆ మనుష్యుని పడద్రోసినదని భయపడుట వింత కాదు. వర్తకుని కుమారుడు ఆమెను తండ్రి మంచము నొద్దకు తీసికొనిరాగా, ఆమె మోకరించి క్షమింపుమని వేడుకొనెను. ఆ రోగి ఆమెను క్షమించెను. కుమారుడిచ్చిన వాంగ్మూలములోనే ఈ సంగతి వ్రాయబడియున్నది.

ఆ మంచము నొద్ద ఏమి జరిగెనో యోచింపుడు. ఒకతె తాను చేయని కార్యమునకు పశ్చాత్తాపపడెను. ఒకడు ఎవరును చేయని కార్యమును క్షమించెను. తర్కము ప్రకారము ఆ పశ్చాత్తాపమునకును ఆధారము లేదు, ఆ క్షమకును ఆధారము లేదు. అయినను ఆ సంవత్సరమంతటిలో ఆ కొండ చెంత జరిగిన కార్యములన్నిటిలో అది ఒక్కటియే నిర్మలమైనది. కథ అచ్చటనే ఆగియుండిన యెడల, ఒక రోగికి పరిచర్యయు, ఒక పిల్లకు ఊరటయు మిగిలియుండెడివి.

కాని కథ ఆగలేదు. మార్చి 30న ఆ ప్రాంతపు న్యాయాధికారి రోజర్ నోవెల్ విచారణ ఆరంభించెను. అలిజన్ తన మీది నేరమును ఒప్పుకొనుటయే గాక, అవ్వ పేరు చెప్పెను. అవ్వకు పగవారైన మరియొక కుటుంబపు ముసలిదాని పేరును చెప్పెను. ఆ ముసలిది ఆన్ విటిల్. జనులు చాటక్స్ అందురు. పదునొకండేండ్ల క్రిందట మరణించిన అలిజన్ తండ్రి, ఆ ముసలిదాని కీడునకు వెరచి ఏటేటా ఆమెకు కొంత ఓటుపిండి కప్పముగా నిచ్చెడివాడట. ఇట్లు ఒక భయము మరియొక భయమును లాగుకొనివచ్చెను. పాత చావులన్నియు ఒక్కొక్కటిగా లేచి దోషులను అడుగసాగెను. ఏనాడో చనిపోయిన బిడ్డ, ఎప్పుడో చచ్చిన ఆవు, పుల్లబారిన బీరు, అన్నిటికిని ఇప్పుడొక పేరు దొరికెను.

ఏప్రిల్ 10, శుభ శుక్రవారము. చెరలో పడినవారి బంధువులును ఇరుగుపొరుగువారును మాల్కిన్ టవర్ అను ఆ కుటుంబపు ఇంట కూడిరి. అలిజన్ అన్న జేమ్సు దొంగిలించి తెచ్చిన గొఱ్ఱెమాంసము తినిరి. దిక్కులేని వారి ఆ కూడికను న్యాయాధికారి మంత్రగత్తెల సభగా చదివెను. దానికి వచ్చినవారందరును అనుమానితులైరి. ఆ ఇల్లు ఎచ్చట నుండెనో నేటికిని నిశ్చయముగా ఎవరును ఎరుగరు. 2011 డిసెంబరులో, దిగువ బ్లాక్ మాస్ జలాశయము సమీపమున పని చేయుచున్న నీటిసంస్థవారికి, గడ్డికప్పిన దిబ్బ క్రింద పదునేడవ శతాబ్దపు ఇల్లొకటి బయలుపడెను. దాని గోడలో ఎండిపోయిన పిల్లి కళేబరము మూయబడియుండెను. కీడు లోపలికి రాకుండ అట్లు పిల్లిని గోడలో పెట్టుట ఆనాటి వాడుక. అది ఆ కుటుంబపు ఇల్లేనా అన్నది తేలలేదు. ఎవరి ఇల్లయినను, ఒక సంగతి మాత్రము ఆ గోడ చెప్పుచున్నది. మంత్రగత్తెలని పేరుపడిన వారు మాత్రమే గాక, వారికి భయపడిన వారును అదే అంధకారములో కూర్చుండియుండిరి.

ఆగస్టు నెలలో లాంకస్టరులో విచారణ జరిగెను. ముద్దాయిలకు న్యాయవాదులు లేరు. అవ్వ చెరలోనే మరణించెను. ముఖ్యసాక్షి అలిజన్ చెల్లెలు జెన్నెట్. దాదాపు తొమ్మిదేండ్ల పిల్ల. ఆమెను చూచి తల్లి ఎలిజబెత్ గట్టిగా కేకలు వేయగా, తల్లిని వెలుపలికి కొనిపోయి, పిల్లను బల్లమీద నిలువబెట్టిరి. ఆ పిల్ల తన తల్లి మీదను, అన్న మీదను, శుభ శుక్రవారపు విందుకు వచ్చినవారి మీదను సాక్ష్యము పలికెను. తల్లి, అన్న, అక్క, ముగ్గురును ఉరికంబ మెక్కిరి. రఫ్లీ గ్రామపు ఆలిస్ నట్టర్ కలిగిన ఇంటి స్త్రీ; ఆమె తాను నిర్దోషినని చెప్పి, మరి నోరు తెరువలేదు. ఆమెయు ఆ పదిమందిలో ఒకతె. విచారణ గుమాస్తా తామస్ పాట్స్ 1613 లో ఈ సంగతులన్నిటిని గ్రంథముగా ప్రచురించెను. న్యాయము చక్కగా నెరవేరినదని చూపుటకు వ్రాసిన ఆ గ్రంథమే నేడు ఆ న్యాయముపై సాక్షిగా నిలిచియున్నది.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. వారు ఎచ్చట తప్పిపోయిరి? క్రూరత్వము వలన అని చెప్పి ఊరకుండుట సులభము. వారిలో అనేకులు క్రూరులు కారు. ప్రార్థించువారు, బిడ్డలను పెంచువారు, తమ పొలములను కాపాడుకొనువారు. వారి తప్పు మొదట బుద్ధికి సంబంధించినది. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒకే క్షణమున జరిగిన యెడల, కాకి వలననే పండు పడినదని తలంచుటను మన పెద్దలు కాకతాళీయ న్యాయమనిరి. పిల్ల కోపగించెను, మనుష్యుడు పడెను. కాబట్టి కోపము వలన పడెను. ఇంత చిన్న తర్కదోషము నుండి పది ఉరిత్రాళ్లు పేనబడెను.

అయితే బుద్ధిదోషము ఒక్కటియే ఇంత పని చేయదు. దానికి హృదయము తోడు పడవలెను. కారణము తెలియని కష్టమును సహించుట మనుష్యునికి మిక్కిలి కఠినము. కష్టముకంటె కష్టపు మౌనము భయంకరము. దోషి యొకడు దొరికిన యెడల ఆ మౌనము తొలగినట్లుండును. చేయుటకు పని దొరకును. పైగా ఆ దోషి మనము కామన్న తృప్తియు దొరకును. కనుకనే దోషులను ఎల్లప్పుడును గడపకు దూరముగా నున్నవారిలో వెదకుదురు. యాచించు ముసలిది, ఒంటరి విధవ, ఎదురుమాట లాడలేని పేద.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. దోషిని వెదకుట న్యాయకాంక్ష కాదా? కారణమును అడుగని లోకములో బలవంతుడు బలహీనుని త్రొక్కి, దానిని విధి అని చెప్పడా? ఈ ఆక్షేపణ సత్యము గలది. కల్తీమందు వలన బిడ్డ చనిపోయిన యెడల దోషిని వెదకవలసినదే. కట్ట తెగునట్లు కట్టినవానిని అడుగవలసినదే. కాని అన్యాయము వేరు, ఆపద వేరు. అన్యాయములో ఒక చేయి ఉన్నది. ఆ చేతిని సాక్ష్యముతో పట్టుకొనవలెను. ఆపదలో చేయి లేకపోవచ్చును. చేయి ఉన్నదో లేదో తేలకముందే చేతిని పట్టుకొన్నవాడు న్యాయమును వెదకుటలేదు, ఊరటను వెదకుచున్నాడు. తన ఊరటకు వెల మరియొకనిచేత చెల్లింపజేయుచున్నాడు.

ప్రభువు నొద్దకు ఈ ప్రశ్న రెండుమారులు వచ్చెను. పుట్టుగ్రుడ్డివానిని చూచిన శిష్యులు, పాపము అతనిదా, అతని తలిదండ్రులదా అని విచారించిరి. ఆయన ఆ రెండు తలుపులను మూసివేసి, ఆ మనుష్యుని యందు దేవుని క్రియ ప్రత్యక్షము కావలెనని చెప్పి, అతనికి చూపునిచ్చెను. సిలోయములో గోపురము కూలి పదునెనమండుగురు చచ్చిన సంగతి లూకా సువార్తలో కలదు. చచ్చినవారు ఇతరులకంటె పాపులని తలంచువారితో ఆయన, వారి పాపమును లెక్కించుట మాని మీరు మారుమనస్సు పొందుడని హెచ్చరించెను. ఇది కారణమును గూర్చిన విచారణను నిషేధించుట కాదు. విచారణను మృతుల మీదినుండి విచారించువాని మీదికి త్రిప్పుట.

అట్లయిన దేవుని గ్రంథమును చేతపట్టుకొన్న దేశములో ఇది ఎట్లు జరిగెను? మంత్రగత్తెను బ్రదుకనీయరాదను నిర్గమకాండపు ఆజ్ఞను ఆనాటి వారు ఆధారముగా చూపిరి. ఆ వచనములోని హెబ్రీ పదమునకు భావము నిర్ణయించుట సులభము కాదు. ప్రాచీన గ్రీకు అనువాదకులు అచ్చట మందులతో, విషములతో సంబంధము గల పదమును వాడిరి. 1584 లోనే రెజినాల్డ్ స్కాట్ అను ఆంగ్లేయుడు, ఆ పదము విషము పెట్టువారిని గూర్చినదే గాని పల్లెలోని బీద ముసలమ్మలను గూర్చినది కాదని వాదించెను. అతని మాట చెల్లలేదు. మంత్రవిద్యపై 1597 లో స్వయముగా గ్రంథము వ్రాసిన జేమ్సు రాజు సింహాసన మెక్కిన పిదప, 1604 లో ఇంగ్లండు చట్టము మరింత కఠినమాయెను. ఒక పదమును తన కాలపు భయముతో చదివిన అనువాదము ఎంత దూరము పోగలదో దీనివలన తెలియును. లేఖనమును తర్జుమా చేయువాని కలము క్రింద కాగితము మాత్రమే లేదు. ఎవరి మెడయో ఉండవచ్చును.

కథకు ఇంకొక మలుపు కలదు. 1633 లో అదే ప్రాంతమున ఎడ్మండ్ రాబిన్సన్ అను పదేండ్ల బాలుడు అనేకులను మంత్రగత్తెలని చూపెను. న్యాయసభ వారిని దోషులని తేల్చెను. అయితే ఈసారి న్యాయమూర్తులు సందేహించి, సంగతి రాజునకు విన్నవించిరి. బాలుని లండనుకు రప్పించి ప్రశ్నింపగా, తాను కల్పించి చెప్పితినని అతడు ఒప్పుకొనెను. ఉరి తప్పెను. కాని నిందితులలో జెన్నెట్ డివైస్ అను స్త్రీ యొకతె యుండెను. ఆమె 1612 లో బల్లమీద నిలిచిన జెన్నెట్టే అయియుండవచ్చునని పలువురు తలంచుదురు. 1636 నాటి చెరసాల పట్టికలో ఆ పేరు ఇంకను ఉన్నది. చెరలోని తిండి ఖర్చు చెల్లింపలేనివారికి విడుదల లేదు. ఆమెయే ఈమె యైన యెడల, ఒక పిల్ల నాలుక వలన ఆరంభమైన బాట చుట్టు తిరిగి, మరియొక పిల్లవాని నాలుక వలన ఆమెయొద్దకే వచ్చి చేరినది. నింద యను బాట ఎల్లప్పుడును వలయమే. తొమ్మిదేండ్ల పిల్లను నిందింప నక్కరలేదు. ఆమెను బల్ల ఎక్కించిన పెద్దలే ఉత్తరవాదులు.

ఆ కొండ ఇంకొక సంగతిని కూడ చూచెను. ఉరి జరిగిన నలువది ఏండ్లకు, 1652 లో, జార్జి ఫాక్స్ పెండిల్ ఎక్కి, కూర్చబడవలసిన గొప్ప జనసమూహమును గూర్చిన దర్శనము పొందితినని సాక్ష్యమిచ్చెను. అతని వెంట ఏర్పడిన క్వేకరు సమాజమువారు న్యాయసభలలో ప్రమాణము చేయ నిరాకరించి, అందువలన చెరలు అనుభవించిరి. అవునన్నది అవునుగాను, కాదన్నది కాదుగాను ఉండిన చాలునని వారి వాదము. సాక్ష్యము చెడి మనుష్యులు చచ్చిన అదే మండలములో, మాట సత్యముగా నుండుటకై బాధపడువారు లేచిరి. తోపులోని శిల్పములలో ఒకదానికి క్వేకరు వృక్షమని పేరు. ఇంగ్లండులో మంత్రవిద్యపై మరణశిక్ష విధించు చట్టము 1735 లో రద్దు కాబడెను.

ఇది దూరదేశపు ప్రాచీన కథయని తెలుగు చదువరి పుస్తకము మూయ వీలులేదు. బాణామతి, చేతబడి, చిల్లంగి అను మాటలు మన పల్లెలకు క్రొత్తవి కావు. ఒక ఇంట జ్వరము, మరియొక ఇంట పశువు చావు. అంతట ఒంటరి ముసలమ్మ గుడిసె చుట్టు జనము కూడును. పళ్లు ఊడగొట్టిన వార్తలును, చంపి కాల్చిన వార్తలును మన పత్రికలలో వచ్చినవి. ఝార్ఖండ్‌లో 2001 నుండి, ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుండి, ఒడిశాలో 2013 నుండి ఇట్టి నిందను శిక్షించుటకు ప్రత్యేక చట్టములున్నవి. చట్టములు అవసరమైనవనుటయే వ్యాధి ఇంకను ఉన్నదనుటకు సాక్ష్యము.

చేతబడిని నమ్మని విశ్వాసుల ఇండ్లలో సయితము ఈ వ్యాధి మారువేషముతో తిరుగుచుండును. బిడ్డ జబ్బుపడిన తల్లిని చూడవచ్చినవారు, ఏ పాపము దాగియున్నదో పరీక్షించుకొనుమందురు. పెండ్లియైన ఏడాదిలో కుమారుడు చనిపోయిన యెడల, కోడలి అడుగు మంచిది కాదందురు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. కారణము చెప్ప నోరు తెరచినప్పుడు చెడిపోయిరి.

ఇక ఆ తోపులోని శిల్పముల మాట. ఇట్టి దుఃఖమును అలంకారముగా చేయుట తగునా అను సందేహము న్యాయమైనదే. ఆ ప్రాంతములో చీపురెక్కి ఎగురు మంత్రగత్తె బొమ్మను అంగళ్లలో అమ్ముదురు, పిల్లలు నవ్వుకొందురు. ఉరితీయబడినవారికి నిందించినవారు పెట్టిన వేషమునే అది ఇంకను తొడుగుచున్నది. కాని తోపులో ఫిలిప్ హాండ్‌ఫర్డ్ చేసిన ఒక పని వేరు. నరకబడిన చెట్ల మ్రానులను ముక్కలుగా వంచి పేర్చి, వాటి వాటి మోళ్లతో మరల కలిపెను. ఆ చెట్లు చిగురింపవు. నరికిన సంగతి దాగదు. అయినను తెగినది తన వేరునకు మరల చేర్చబడినది. రఫ్లీ గ్రామమునందును 2012 లోనే ఆలిస్ నట్టర్ ప్రతిమను నిలిపిరి. తలపై కొనదేరిన టోపీ లేదు, చేత చీపురు లేదు, చేతులకు సంకెళ్లున్నవి. అన్యాయముగా చచ్చినవారికి బ్రదికినవారు చేయగల ఉపకారము ఇంతియే: నిందవేషము తీసివేసి, పేరును మరల ఇచ్చుట.

అంతతో బాకీ తీరునా? తీరదు. మృతులు మన క్షమాపణ వినలేరు. వారికి చెల్లింపవలసినది బ్రదికియున్న మరియొకరికి చెల్లింపవలెను. రేపు మన వీధిలో ఎవడైనను కూలిపోవును. ఏ ఇంటనో బిడ్డ చనిపోవును. ఎవరి పేరో గుసగుసగా బయలుదేరును. అప్పుడు ఆ పేరు మన పెదవుల యొద్దకు వచ్చి ఆగిపోయిన యెడల, ఆ పదిమంది జ్ఞాపకము వ్యర్థము కాలేదు. నాకు తెలియదు అను మాట విశ్వాసహీనుని మాట కాదు. సమస్తమును ఎరిగినవాడు వేరొకడున్నాడని నమ్మువాడే ఆ మాటను భయము లేక పలుకగలడు.

తోపు దిగిన బాటసారి సాయంకాలమునకు బార్లీ చేరును. బయలుదేరిన గ్రామమే, అవే ఇండ్లు, అదే కొండ. వెనుక నల్లబాడవ చెరువులలో వెలుగు తగ్గుచుండును. నడక అతనిని క్రొత్త చోటికి చేర్చలేదు. తన గుమ్మమునకే చేర్చినది. ఆ గుమ్మము ప్రక్కన ఎవడో మంచము పట్టియుండును. ఎవడు చేసెనని అడుగక ముందు, అతనికి నీళ్లు కావలెనేమో అడుగవలెను.